చెడ్డ జాగ ముందు చెప్పాలె

ఆగయ్య సర్దార్ కాలు విరిగింది గనిలో కాదు. ముప్పై తొమ్మిదేళ్లు భూమి కింద పనిచేసి, ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం లేకుండా రిటైరైన మనిషి, ఇంటి వెనక మునక్కాయలు కోయడానికి నిచ్చెనెక్కి ఆరడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. ఎడమ తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రికి చూడటానికి ఎవరొచ్చినా ఈ సంగతి భార్య సారవ్వే ముందు చెప్పేది. నిచ్చెన పట్టుకుంటాను, ఆగమంటే ఆగలేదని కూడా కలిపేది. ఆమె చెబుతున్నంతసేపూ ఆగయ్య కిటికీలోంచి బయటికి చూసేవాడు.

ఆయన పుట్టింది పెద్దపల్లి వైపు ఒక చిన్న ఊళ్లో. వానకు పండి, వాన లేకపోతే ఎండే రెండెకరాల చెలక వాళ్లది. ఇరవై ఒకటో ఏట గోదావరిఖని వచ్చి గనిలో చేరాడు. మొదట తట్టతో బొగ్గు ఎత్తాడు. పగలు పని చేసి సాయంత్రం క్వార్టర్ అరుగు మీద కూర్చుని చదివి, రెండుసార్లు తప్పి, మూడోసారి మైనింగ్ సర్దార్ పరీక్ష పాసయ్యాడు. సర్దార్ అంటే పెద్ద అధికారి ఏమీ కాదు. జనం లోపలికి అడుగు పెట్టకముందే తాను ముందు నడిచి, కర్రతో పైకప్పు బండను తట్టి, ఆ చప్పుడు విని, గాలిలో విషవాయువు ఉందేమో దీపంతో చూసి, ఇక్కడ పని చేయొచ్చు, అక్కడ వద్దు అని తేల్చి చెప్పేవాడు. ఆ మాట మీద ముప్పై నలభై మంది లోపలికి వెళ్లేవారు. రిటైరై ఏడేళ్లయినా బజార్లో అందరూ ఆయన్ని ఆగయ్య సర్దార్ అనే పిలిచేవారు.

ఇంటికి దగ్గరని ఆయన్ని చేర్పించింది డాక్టర్ భూపాల్ నడిపే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. రెండో అంతస్తులో మగవాళ్ల వార్డు, పన్నెండు మంచాలు. ఆగయ్యది నాలుగో నంబరు. సోమవారం ఆపరేషన్ చేసి ఎముకకు ప్లేటు వేశారు. బుధవారం వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయించారు. మిగతా సమయమంతా మంచం మీదే. పని లేని కళ్లు ఊరికే ఉండవు కదా, గురువారం నాటికి ఆ వార్డులో ఎవరికి ఏ జబ్బో, ఎవరి సెలైన్ ఎప్పుడు అయిపోతుందో ఆయనకు తెలిసిపోయింది.

ఇంకొకటి కూడా ఆయన కంటబడింది. వార్డులో పొద్దున ఎనిమిదికి ఒక డాక్టరు వచ్చేవాడు, మధ్యాహ్నం రెండుకు మరొకరు వచ్చేవారు. పొద్దుటాయన రుత్విక్, మంచిర్యాల కుర్రాడు, రోజూ మోటార్ సైకిలు మీద గోదావరి వంతెన దాటి వస్తాడు. మధ్యాహ్నం వచ్చేది అఫ్షీన్, గోదావరిఖనిలోనే పుట్టి పెరిగింది, తండ్రి బొగ్గు మోసే డంపర్ల మెకానిక్. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరికీ పని మీద శ్రద్ధ ఉంది. కానీ రెండు గంటలకు ఒకరు హెల్మెట్ పట్టుకుని దిగుతూ, ఒకరు తెల్లకోటు తొడుక్కుంటూ ఎక్కుతూ, మెట్ల మలుపులో ఎదురుపడి రెండు మాటలు అనుకునేవారు. అంతా బాగుందా అని ఆమె అడిగేది. అంతా స్టేబులే అని ఆయన చెప్పేవాడు. షిఫ్టు మారడం అంతటితో అయిపోయేది.

వీళ్లు బస్సు మారినట్టు షిఫ్టు మారుతున్నారని ఆగయ్య సారవ్వతో అన్నాడు. నీ కాలు సంగతి నువ్వు చూసుకో, దవాఖాన సంగతి వాళ్లు చూసుకుంటారని ఆమె జవాబిచ్చింది.

మూడో మంచంలో రఘుపతి అనే రైతు ఉన్నాడు. కాల్లో తుమ్మ ముల్లు విరిగి, పాదం నుంచి పిక్క దాకా ఎర్రగా వాచి, జ్వరంతో వచ్చాడు. గురువారం పొద్దున పదకొండింటికి రుత్విక్ చూడటానికి వచ్చినప్పుడు, పదేళ్ల కింద తనకు ఎక్కడో పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, చావు అంచుదాకా పోయి వచ్చానని రఘుపతి చెప్పాడు. రుత్విక్ శ్రద్ధగా విన్నాడు. కేసు కాగితంలో రాయబోతుండగా కింద ఏదో యాక్సిడెంట్ కేసు తెచ్చారని పిలుపొచ్చింది. పెన్ను జేబులో పెట్టుకుని పరుగెత్తాడు. మళ్లీ పైకి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఆ మాట కాగితం మీదికి ఎక్కలేదు.

రెండింటికి మెట్ల మలుపులో, మూడో మంచానికి మందు మార్చమని భూపాల్ సార్ అన్నారని మాత్రం చెప్పి రుత్విక్ వెళ్లిపోయాడు. అఫ్షీన్ కాగితం చూసింది. పడని మందులు అన్నచోట ఖాళీగా ఉంది. ఆ వాపుకు ఎవరైనా రాసే మందే ఆమె రాసింది. అది పెన్సిలిన్ కుటుంబంలోది. కాసేపటికి సిస్టర్ సంతోషి ట్రేలో సూది పెట్టుకుని వచ్చింది. రఘుపతి జ్వరంతో కళ్లు మూసుకుని ఉన్నాడు.

"సిస్టరమ్మా, జర ఆగు," అన్నాడు ఆగయ్య. "ఈయనకు ఏదో సూది పడదని పొద్దున గా సారుకు చెప్పిండు. ఇది గదేనా కాదా, అడిగి ఇయ్యి."

సంతోషి ఆగింది. రఘుపతిని లేపి అడిగింది. అతను చెప్పింది విని ట్రే పక్కన పెట్టి అఫ్షీన్‌ను పిలిచింది. అఫ్షీన్ మంచం పక్కన నిలబడి ఆ మందు పేరు మళ్లీ చదివింది. తర్వాత దాన్ని కొట్టేసి వేరే మందు రాసింది. కాగితం పైన ఎర్ర పెన్నుతో పెన్సిలిన్ పడదని పెద్ద అక్షరాలతో రాసింది. ముందే ఎందుకు చెప్పలేదని రఘుపతిని అడిగితే, పొద్దున సారుకు చెప్పాను గదా, మళ్లీ మళ్లీ చెబితే కోపం వస్తుందేమోనని ఊరుకున్నానన్నాడు.

ఆమె రుత్విక్‌కు ఫోన్ చేసింది. అప్పటికి అతను గోదావరి వంతెన దగ్గర ఉన్నాడు. మందు ఇవ్వలేదు, ఏమీ కాలేదు, నువ్వు రావాల్సిన పని లేదని ఆమె చెప్పింది. అయినా అరగంటలో అతను వార్డులో ఉన్నాడు. హెల్మెట్ చేతిలోనే ఉంది. రఘుపతి దగ్గరికి వెళ్లి, తప్పు తనదేనని చెప్పాడు. రఘుపతి కంగారు పడి లేచి కూర్చోబోయాడు. డాక్టరు వచ్చి తప్పైందని చెప్పడం అతను అంతవరకు చూడలేదు.

ఆగయ్య ఇదంతా చూస్తూ ఉన్నాడు. ఆ కుర్రాడు వంతెన దగ్గర నుంచి తిరిగి రావడం ఆయన్ని కదిలించింది. ఇద్దరు డాక్టర్లనూ దగ్గరికి పిలిచాడు. సారవ్వ అప్పుడే ఇంటి నుంచి జొన్న రొట్టెలు తెచ్చి స్టూలు మీద కూర్చుంది.

"నేను గూడ ఒకసారి గిట్లనే మల్లొచ్చిన సారూ," అని మొదలుపెట్టాడు.

అది 1987లో, వానాకాలంలో. ఆయనది మొదటి షిఫ్టు. సారవ్వకు నొప్పులు మొదలై దవాఖానకు తీసుకుపోయారని మధ్యాహ్నం గనిలోకి కబురొచ్చింది. అప్పటికి షిఫ్టు అయ్యేందుకు ఇంకా గంట ఉంది. చివరి చుట్టు తిరుగుతూ ఒక మూల బండను కర్రతో తడితే చప్పుడు మారింది. గట్టి బండ ఖంగుమంటుంది. ఇది డొల్లగా పలికింది. రెండో షిఫ్టు సర్దార్‌కు చెప్పాలనుకున్నాడు. కానీ మనసు దవాఖానలో ఉంది. పైకి వచ్చి, అలవాటు చొప్పున పుస్తకంలో అంతా బాగుందని రాసి, సంతకం పెట్టి, సైకిలెక్కాడు. మార్కెట్ దాకా వెళ్లాక ఆ డొల్ల చప్పుడు చెవిలో మోగింది. అక్కడే సైకిలు తిప్పాడు. మళ్లీ దీపం కట్టుకుని, మళ్లీ గని లోపలికి దిగి, పరుగున వెళ్లేసరికి రెండో షిఫ్టు సర్దార్ దస్తగిర్ తన మనుషులతో ఆ మూలకు ఇంకా యాభై గజాల దూరంలో ఉన్నాడు. ఇద్దరూ కలిసి తట్టి చూసి, అటు ఎవరూ పోకుండా అడ్డు కట్టారు. ఇంకో రెండు గంటలకు ఆ బండ కూలింది. దాని కింద ఎవరూ లేరు.

ఆయన దవాఖానకు చేరేసరికి సాయంత్రం ఏడయింది. బిడ్డ పుట్టి మూడు గంటలైంది. ఆ బిడ్డే శోభ, ఇప్పుడు మందమర్రిలో టీచరు.

సారవ్వ చేతిలో రొట్టె అలాగే ఉంది. ముప్పై ఆరేళ్లుగా ఆమె ఆ సాయంత్రం గురించి దెప్పిపొడవని ఏడాది లేదు. బిడ్డ పుట్టిన రోజు కూడా నీకు బొగ్గుబాయే ముఖ్యమైందని, ఆమె చుట్టాల ముందు, బిడ్డ ముందు, అల్లుడి ముందు కూడా అంది. డ్యూటీ ఎక్కువైందని తప్ప ఆయన ఒక్కసారీ మరో మాట చెప్పలేదు.

"గీ మాట గప్పుడే చెప్తే ఏమయితుండె?" అంది సారవ్వ.

"మర్సిపోయిన్నని చెప్పుకోవాలె గదా," అన్నాడు ఆగయ్య. "సర్దార్ మర్సిపోయిండంటే సిగ్గు గాదా."

ఆమె రొట్టెలో పప్పు పెట్టి, డాక్టర్లిద్దరికీ చెరొకటి ఇచ్చి, ఆయనకు రెండిచ్చింది.

రొట్టె తింటూనే అఫ్షీన్ అడిగింది, ఆ తర్వాత మీరు షిఫ్టు ఎట్లా మార్చుకునేవారని. ఆగయ్యకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న ఉండదు. ముందు చెడ్డ జాగ చెప్పాలన్నాడు. మంచిగా ఉన్న జాగ ఆఖరున చెప్పినా నష్టం లేదు. అంతా బాగుంది అనే మాట నోట్లోంచి రానే రాకూడదు, దాని కింద ఏమైనా దాక్కోవచ్చు. విన్నవాడు తలూపితే చాలదు, విన్నదంతా తిరిగి అప్పజెప్పాలి. పోయి ఇద్దరూ కలిసి కళ్లతో చూడాలి. అప్పుడే సంతకం.

"మీ పుస్తకంల రాతలు నాకు తెల్వయి," అన్నాడు. "కని బండైనా మనిషైనా, చెడ్డ జాగ ముందు చెప్పాలె."

మర్నాడు శుక్రవారం, మధ్యాహ్నం రెండు కావస్తుండగా దస్తగిర్ స్వయంగా వచ్చాడు, మనవరాలి పెళ్లి కార్డు తీసుకుని. తెల్ల గడ్డం, తల మీద టోపీ, మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా నడక. వచ్చే గురువారమే పెళ్లి. ఆగయ్య భాయ్ లేకుండా పెళ్లి జరగదని, కుర్చీతో సహా ఎత్తుకుపోవడానికైనా మనుషులున్నారని చెప్పాడు. డాక్టర్లిద్దరూ అప్పుడే షిఫ్టు మారుతున్నారు. అఫ్షీన్ ఆయన్ని ఆపి, మీ ఇద్దరూ ఎట్లా అప్పజెప్పుకునేవారో ఒకసారి మాకు చూపించమంది.

దస్తగిర్ మొహమాటపడలేదు. టోపీ సరిచేసుకుని, మంచం కాళ్ల దగ్గర నిటారుగా నిలబడ్డాడు. ఆగయ్య దిండుకు ఆనుకుని గొంతు సవరించుకున్నాడు. వార్డులో అందరూ అటు తిరిగారు.

"మూడో మంచం రఘుపతి," అన్నాడు ఆగయ్య. "పెన్సిలిన్ పడదు, ముందు గదే చెప్తున్న. కాలు వాపు నిన్నటికంటె తగ్గింది. రక్తం పరీక్ష కాగితం సాయంత్రం వస్తది, వచ్చినంక చూడాలె. జరం మల్ల ఎక్కితే పెద్దసారుకు ఫోన్ చెయ్యాలె."

"మూడో మంచం రఘుపతి, పెన్సిలిన్ పడదు," అని దస్తగిర్ అందుకున్నాడు. "వాపు తగ్గింది. జరం ఎక్కితే పెద్దసారుకు ఫోన్."

"ఒకటి ఇడిసిపెట్టినవ్ భాయ్. రక్తం కాగితం."

దస్తగిర్ గడ్డంలో నవ్వాడు. "నువ్వు పట్టుకుంటవా లేదా అని చూసిన."

వార్డంతా నవ్వింది. రఘుపతి అందరికంటే గట్టిగా నవ్వాడు. తన కాలు గురించి ఇంతమంది ఇంత జాగ్రత్తగా మాట్లాడుకోవడం అతనికి భలే నచ్చింది. రుత్విక్ మాత్రం నవ్వకుండా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

ఆ రోజు నుంచే మొదలుపెట్టారు. మెట్ల మలుపు మాని, ఇద్దరూ సంతోషిని వెంటబెట్టుకుని మంచం మంచానికీ నడిచారు. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది. రుత్విక్ ఒక్కో రోగి పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పుకొచ్చాడు, అఫ్షీన్ తిరిగి చెప్పేటప్పుడు ఐదో మంచాన్నీ ఆరో మంచాన్నీ కలిపేసింది. ఇంత వద్దు సారూ, చెడ్డ జాగ చెప్పి ముందుకు నడవమని ఆగయ్య మంచం మీద నుంచే అన్నాడు. రెండో రోజు ఇంకో చిక్కు వచ్చింది. తొమ్మిదో మంచంలో మూలవ్యాధితో చేరిన మనిషి, తన జబ్బు పేరు పదకొండు మంది ముందు వినబడగానే దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు, సాయంత్రం దాకా తీయలేదు. అఫ్షీన్ వెళ్లి బతిమాలుకుంది. నలుగురిలో చెప్పలేని సంగతులు ముందు సిస్టర్ల బల్ల దగ్గర చెప్పుకుని, మంచం దగ్గర చూడాల్సింది మాత్రం చూడాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నారు. గనిలో బండకు సిగ్గుండదు, ఇది నాకు తోచలేదని ఆగయ్య ఒప్పుకున్నాడు.

సోమవారం డాక్టర్ భూపాల్ వచ్చి గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఇరవై రెండు నిమిషాలు. కింద ఓపీలో జనం కూర్చుని ఉన్నారు, పేషెంట్లు చెప్పారని పద్ధతులు మార్చుకుంటూ పోతే ఆసుపత్రి నడిచినట్టేనని విసుక్కున్నాడు. అఫ్షీన్ కంటే ముందే సంతోషి నోరు విప్పింది. ఆమె ఆ ఆసుపత్రిలో పదకొండేళ్లుగా పని చేస్తోంది, భూపాల్ ఎదుట మాట్లాడటం అరుదు. ఇన్నాళ్లూ రోజూ మధ్యాహ్నం ఇంటికి వెళ్లిపోయిన డాక్టరుకు ఐదారుసార్లు ఫోన్ చేసేదాన్నని, ఈ మందు ఎందుకు రాశారు, ఆ స్కాన్ ఎప్పుడని అడిగేదాన్నని, బండి మీద ఉంటే వాళ్లు ఎత్తేవారు కాదని చెప్పింది. శనివారం నుంచి ఒక్క ఫోన్ కూడా చేయలేదంది.

భూపాల్ కిందికి వెళ్లాడు. సాయంత్రానికి సిస్టర్ల బల్ల దగ్గర ఒక కాగితం అంటించి ఉంది. రెండు నుంచి రెండుంబావు దాకా, ఎమర్జెన్సీ తప్ప, వార్డు డాక్టర్లను ఎవరూ పిలవకూడదని. కింద ఆయన సంతకం. పది నిమిషాలు ఎక్కువే తీసుకోండి, పరవాలేదని పెన్నుతో చివర కలిపి రాశాడు.

మంగళవారం నాటికి ఆగయ్య వాకర్‌తో వార్డు చివరిదాకా నడుస్తున్నాడు. మర్నాడు ఇంటికి పంపుతామన్నారు. గురువారం పెళ్లికి వేసుకోవడానికి తెల్ల లాల్చీ ఇస్త్రీ చేయించి పెట్టమని సారవ్వకు అప్పటికే మూడుసార్లు చెప్పాడు. రెండు గంటలకు డాక్టర్లు నాలుగో మంచం దగ్గరికి వచ్చారు. నడక బాగుంది, కుట్లు ఆరుతున్నాయి, రేపు డిశ్చార్జ్ అని రుత్విక్ చెప్పాడు. అఫ్షీన్ తిరిగి చెప్పి, ఎప్పటిలాగే మంచం మీద మనిషి వైపు తిరిగింది.

"కాకా, కొత్తగ ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు బిడ్డా. మంచిగున్న."

టిఫిన్ డబ్బా మూత పెడుతున్న సారవ్వ తలెత్తింది. "మంచిగ ఎక్కడున్నవ్? నిన్నటి సంది పిక్క గుంజుతుందని రుద్దిచ్చుకుంటున్నవ్ గదా నాతోని."

డాక్టర్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అఫ్షీన్ దుప్పటి తీసింది. సంతోషి టేపు తెచ్చింది. రెండు పిక్కలూ కొలిస్తే ఎడమది మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉంది. ఇక రుద్దవద్దని సారవ్వకు గట్టిగా చెప్పి, గంటలో కింద స్కాన్ చేయించారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ సూది ఇస్తున్నా, పిక్క నరంలో రక్తం గడ్డ కట్టింది. గడ్డ అక్కడే ఉంది. కదిలి పైకి పోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటేనే ప్రాణం మీదికి వస్తుంది. మందు మోతాదు పెంచారు. ఇంకో నాలుగు రోజులు ఇక్కడే ఉండాలన్నారు.

స్కాన్ నుంచి తిరిగొచ్చాక అఫ్షీన్ ఆయన మంచం అంచున కూర్చుంది. ఆమెకు కోపం వచ్చింది, కానీ గొంతు పెంచలేదు.

"సర్దార్‌వి నువ్వు. చప్పుడు మారిందని తెల్సి, మంచిగున్నదని చెప్తవా?"

ఆగయ్య తల వంచుకున్నాడు. దస్తగిర్ మనవరాలి పెళ్లి, చెబితే పంపరని అనుకున్నాను, తప్పయిందన్నాడు. వార్డంతటికీ పాఠం చెప్పిన మనిషి తన పిక్క సంగతి దాచాడని పన్నెండు మంచాలకూ తెలిసిపోయింది. తొమ్మిదో మంచం మనిషి, దుప్పటి ముఖాన లాక్కున్నవాడు, ఇప్పుడు నేనే నయం కదా అన్నాడు. ఆగయ్యే ముందు నవ్వాడు. ఆ నవ్వు రుత్విక్‌కు, సంతోషికి, చివరికి అఫ్షీన్‌కు కూడా అంటుకుంది.

పెళ్లి ఆయన లేకుండానే జరిగింది. గురువారం మధ్యాహ్నం ఫోన్‌లో పెళ్లికూతురు అలంకరణతో కనబడి, తాతా, సలాం అంది. ఆగయ్య తెల్ల లాల్చీ తొడుక్కుని, కింద ఆసుపత్రి లుంగీతోనే ఫోన్ ముందు కూర్చుని ఆశీర్వదించాడు. నాలుగింటికి దస్తగిర్ పెళ్లి బట్టల్లోనే వచ్చాడు, వెనక ఇద్దరు మనుషులు బిర్యానీ గిన్నె మోసుకుంటూ. ఎవరు తినొచ్చో ఎవరు తినకూడదో అఫ్షీన్ మంచం మంచానికీ తిరిగి తేల్చింది. ముందురోజే ఇంటికి వెళ్లిన రఘుపతి కట్టు మార్పించుకోవడానికి అప్పుడే వచ్చాడు, అతనికీ ఒక ప్లేటు దొరికింది. మంచిర్యాల వెళ్లాల్సిన రుత్విక్ వెళ్లలేదు. డాక్టర్ భూపాల్ కూడా పైకి వచ్చి, నిలబడే తిని, గిన్నె అడుగున ఏమైనా మిగిలిందా అని చూసి వెళ్లాడు. దస్తగిర్ నాలుగో మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుని, పెళ్లి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ముందు జరిగిన పొరపాట్లు చెప్పాడు. మైకు పని చేయకపోవడం, మగపెళ్లివారి బస్సు దారి తప్పి ఆలస్యంగా రావడం. ఆ తర్వాతే అమ్మాయి ఎంత అందంగా ఉందో చెప్పాడు.

ఆదివారం పొద్దున ఆగయ్యను ఇంటికి పంపారు. అఫ్షీన్‌కు ఆ పూట డ్యూటీ లేదు, అయినా వచ్చింది. మందుల చీటీ చేతిలో పెట్టి పంపేయలేదు. సారవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ చెప్పింది. తిరిగి చెప్పమంది. పెండ్లిపిల్లను అప్పగించినట్టు అప్పగిస్తున్నవ్ గదా బిడ్డా అని సారవ్వ నవ్వి, వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పింది.

"రక్తం పలుచబడే గోలీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఒక్క పూట గూడ తప్పద్దు. పిక్క రుద్దద్దు. చిగుళ్లల్ల నెత్తురొస్తే, ఒంటేలు ఎర్రగొస్తే ఫోన్ చెయ్యాలె. ఛాతిల నొస్తే, దమ్మొస్తే, జరసేపు చూద్దామనకుండ జల్ది తోల్కరావాలె. వేరే డాక్టర్ దగ్గరికి పోతే గీ గోలీ సంగతి ముందు చెప్పాలె."

ఒక్కటి కూడా తప్పలేదు. రుత్విక్ రాసిచ్చిన చీటీ అడుగున ఆమె వేలిముద్ర వేయబోతే, సంతకం వచ్చు గదా నీకు, పెట్టు అని ఆగయ్య అన్నాడు. పెళ్లయిన కొత్తలో ఆయనే నేర్పాడు. వంకరగా, పెద్దగా, పేరంతా రాసింది.

ఆటోలో మెల్లగా వెళ్తున్నారు. మార్కెట్ దాటాక సారవ్వ అడిగింది, ఇంకేమన్న దాచినవా అని. ఇన్నేళ్లలో చెప్పనివి ఏమున్నాయో ఇప్పుడే చెప్పేయమంది, తర్వాత తెలిస్తే ఊరుకోనంది. ఆగయ్య బాగా ఆలోచించాడు.

"కాకరకాయ కూర నాకు పడదు," అన్నాడు. "ఎన్నడు పడలే."

నలభై ఐదేళ్లుగా వారానికోసారి, ఆయనకిష్టమని ప్రత్యేకంగా చేసి, దగ్గర కూర్చుని వడ్డించిన కూర అది. సారవ్వకు నవ్వు మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆటో నడిపే అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆగయ్య కాలు కదలకుండా రెండు చేతులా పట్టుకుని, తానూ నవ్వాడు. ఆ పూట ఇంట్లో టమాట వేసి కోడిగుడ్డు కూర వండింది.